కుషింగ్స్ ఆపరేషన్ తర్వాత ఇంటి దగ్గర: కోలుకునే కాలానికి సమగ్ర మార్గదర్శి

"ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మరి ఇంటికి వచ్చాక ముందుకంటే నీరసంగా ఎందుకుంది?" విజయవాడ, గుంటూరు వైపు నుంచి నాకు ఫోను చేసేవారిలో చాలామంది మొదట అడిగేది ఇదే. రెండో ప్రశ్న కాస్త భయంగా వస్తుంది: "ఈ స్టెరాయిడ్ మాత్రలు ఎప్పుడు ఆపేయవచ్చు?" సత్యనారాయణపురంలోని మా ఇంట్లో మంచం మీద పడుకుని నేనూ ఈ రెండు ప్రశ్నలే అడిగాను. ఆపరేషన్ గురించి చెప్పేవారు దొరికారు. ఆ తర్వాతి పద్దెనిమిది నెలలు ఎలా గడపాలో వరుసగా చెప్పేవారు దొరకలేదు.

కుషింగ్స్ అంటే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను అతిగా ఉండే జబ్బు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలోని కణితిని ముక్కు ద్వారా తీయించుకుని, ఆ తర్వాత కార్టిసాల్ బాగా పడిపోయినవారి కోసం ఇది రాస్తున్నాను. రేడియేషన్ తీసుకున్నవారికి, మూత్రపిండాల పైన ఉండి కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు రెండూ తీసేసినవారికి వేరే జాగ్రత్తలు ఉన్నాయి, వాటిని చివర్లో చెబుతాను. ఇక్కడి మోతాదులు మీ డాక్టరు రాసిన చీటీని అర్థం చేసుకోవడానికే. చీటీలో వేరుగా ఉంటే చీటీనే పాటించండి.

1. ముందుగా ఈ నీరసం ఎక్కడిదో తెలుసుకోండి

కణితి ఏళ్ల తరబడి అడ్రినల్ గ్రంథుల చేత అతిగా కార్టిసాల్ చేయించింది. రక్తంలో అంత కార్టిసాల్ తిరుగుతుంటే పిట్యూటరీలోని మంచి కణాలకు పని లేక నిద్రపోయాయి. కణితిని తీసేసిన రోజున అతిగా పనిచేయించేది పోయింది, మామూలుగా పనిచేయించవలసినది ఇంకా లేవలేదు.

కాలువ కింద వ్యవసాయం చేసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గేట్లు ఎత్తిన రోజునే చివరి పొలానికి నీరు చేరదు. ఇక్కడా అంతే. ముందు మెదడు, తర్వాత పిట్యూటరీ, చివరికి అడ్రినల్ గ్రంథులు వరుసగా మేల్కొనాలి. దీనికి చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. రెండేళ్లు, అంతకంటే ఎక్కువ పట్టినవారూ ఉన్నారు.

ఆపరేషన్ తర్వాత మొదటి వారంలో ఉదయపు కార్టిసాల్ డెసీలీటరుకు 5 మైక్రోగ్రాముల కంటే తక్కువకు పడిపోతే డాక్టర్లు సంతోషిస్తారు. కణితి పోయిందనడానికి అదే గుర్తు. రిపోర్టులో ఆ అంకె పక్కన ఎర్ర గుర్తు చూసి కంగారు పడకండి.

మీకు కలిగే బాధలు రెండు రకాలు. వీటిని విడదీసి చూడటం నేర్చుకోవాలి.

మొదటిది, కార్టిసాల్ నిజంగానే చాలకపోవడం. వాంతులు, కడుపునొప్పి, లేచి నిలబడితే కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం, షుగరు తగ్గడం, మాట తడబడటం దీని లక్షణాలు. ఇది ప్రాణానికి ప్రమాదం.

రెండోది, మోతాదు సరిపోతున్నా పాత అతి మోతాదుకు అలవాటు పడిన ఒళ్లు గోల పెట్టడం. కీళ్లు, కండరాల నొప్పులు, చర్మం పొట్టు రాలడం, ఆకలి లేకపోవడం, దిగులు వస్తాయి. బీపీ మాత్రం సరిగానే ఉంటుంది. బాధ ఎంతో ఉన్నా ఇది ప్రమాదం కాదు.

రెండింటిలో ఏదో తేలకపోతే మొదటిదే అనుకుని నడుచుకోండి.

2. ఆసుపత్రి వదిలే ముందు చేతిలో ఉండవలసినవి

హైదరాబాదులోనో, చెన్నైలోనో, వేలూరులోనో ఆపరేషన్ చేయించుకుని రైలెక్కేస్తాం. ఇంటికి వచ్చాక ఒక కాగితం తక్కువైతే మళ్లీ తెప్పించుకోవడానికి నెల పడుతుంది. కనుక గది ఖాళీ చేసే ముందే ఇవన్నీ సరిచూసుకోండి.

☐ డిశ్చార్జి కాగితం, దాని జిరాక్సు కాపీలు మూడు
☐ ఆపరేషన్ తర్వాతి కార్టిసాల్, సోడియం ఫలితాలు, తేదీలతో సహా
☐ రోజూ వేసుకునే మాత్రల మోతాదు, వేళలు
☐ జ్వరం, వాంతులు వస్తే ఎంత పెంచాలో డాక్టరు స్వయంగా రాసిన చీటీ
☐ హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్‌కు బదులుగా ఇచ్చే స్టెరాయిడ్) 100 మి.గ్రా. సూది మందు సీసాలు రెండు, సిరంజీలు, స్టెరైల్ వాటర్
☐ పాత బీపీ, షుగరు, పొటాషియం మందుల్లో ఏవి ఆపాలో, ఏవి తగ్గించాలో
☐ వారం తర్వాత సోడియం పరీక్ష ఏ రోజు చేయించాలో
☐ రాత్రిపూట చేయదగిన ఫోను నంబరు

హైడ్రోకార్టిసోన్ మాత్రలు ప్రతి వీధి చివర దుకాణంలోనూ దొరకవు. విజయవాడలో సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట వంటి చోట్ల పెద్ద ఆసుపత్రుల ఎదుట ఉన్న దుకాణాల్లో ముందే చెప్పి తెప్పించుకోండి. ఇంట్లో కనీసం నెల రోజుల నిల్వ ఎప్పుడూ ఉండాలి.

దుకాణంలో "అది లేదమ్మా, ఇదీ స్టెరాయిడే, ఇది వాడండి" అంటారు. ఇక్కడ జరిగే పొరపాటు చాలా పెద్దది. 20 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్‌కు సమానమైనది 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ మాత్రమే. అంకె ఒకటే కదా అని 20 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ వేసుకుంటే నాలుగింతలు మింగినట్టు. డెక్సామెథాసోన్ ఇంకా ఎన్నో రెట్లు బలమైనది. మందు మార్చవలసి వస్తే డాక్టరుకు ఫోను చేసి కొత్త మోతాదు రాయించుకోండి. ఆ ఆలస్యంలో ఒక్క పూట కూడా మాత్ర లేకుండా గడపకండి.

3. మొదటి మూడు వారాలు: ముక్కు, నీరు, కాళ్లు

ముక్కు చీదకండి. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. వంగి బరువులు ఎత్తకండి. మలబద్ధకం రాకుండా చూసుకోండి, ముక్కితే ఆ ఒత్తిడి తలకు తగులుతుంది. ఉప్పునీటి స్ప్రే ఎన్నిసార్లు కొట్టుకోవాలో, ఈ నియమాలు ఎన్ని వారాలు పాటించాలో సర్జను చెప్పినట్టు చేయండి.

వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలాంటి పలుచని ద్రవం కారితే, గొంతులోకి ఉప్పగా దిగితే అది జలుబు కాకపోవచ్చు. మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. అదే రోజు సర్జనుకు చెప్పండి. దానికి జ్వరం, మెడ బిగుసుకోవడం తోడైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక నీరు. ఆపరేషన్ తర్వాత ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య కొందరికి రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, మగత, అయోమయం కనిపిస్తాయి. ఎండాకాలంలో మన ఇళ్లలో ప్రేమకొద్దీ గంటకో గ్లాసు నీళ్లు, కొబ్బరినీళ్లు తాగిస్తారు. ఈ పది రోజులూ అది మేలు చేయదు. డాక్టరు రోజుకు ఇన్ని లీటర్లని పరిమితి పెడితే ఒక సీసాకు గుర్తు పెట్టుకుని అంతే తాగండి. పరిమితి పెట్టకపోతే దాహాన్ని బట్టి తాగండి. సోడియం పరీక్ష మానవద్దు, బాగున్నా చేయించండి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైనదీ జరగవచ్చు. తీరని దాహం, రాత్రంతా లీటర్ల కొద్దీ నీళ్లలాంటి మూత్రం పోతుంటే కొలతలున్న మగ్గుతో ఒక రోజు కొలిచి డాక్టరుకు అంకె చెప్పండి. "ఎక్కువగా వెళుతున్నాను" అనే మాట కంటే అంకె ఉపయోగం.

కుషింగ్స్ ఉన్నవారికి కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు ఎక్కువగానే ఉంటుంది. ఒక పిక్క వాచి నొప్పిపెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆగవద్దు. నీరసంగా ఉన్నా గంటకోసారి ఇంట్లోనే నాలుగు అడుగులు వేయండి.

4. రోజువారీ మాత్ర: వేళ, పద్ధతి

సాధారణంగా హైడ్రోకార్టిసోన్ రోజు మొత్తానికి 15 నుంచి 25 మి.గ్రా. వరకు, రెండు మూడు భాగాలుగా ఇస్తారు. పెద్ద భాగం ఉదయం వేసుకోవాలి. ఆరోగ్యవంతుల శరీరంలో తెల్లవారేసరికి కార్టిసాల్ ఎక్కువగా ఉంటుంది కనుక మనం దాన్నే అనుకరిస్తున్నాం.

- ఉదయం: కళ్లు తెరిచిన వెంటనే. మాత్ర, నీళ్లు మంచం పక్కనే పెట్టుకోండి. వేసుకుని ఇరవై నిమిషాలు పడుకుని లేస్తే పళ్లు తోముకునే ఓపిక వస్తుంది.
- మధ్యాహ్నం: భోజనంతో.
- మూడో భాగం ఉంటే: సాయంత్రం నాలుగైదు గంటల్లోపు. ఆలస్యమైతే రాత్రి నిద్ర పట్టదు.

వారానికి సరిపడా గడులున్న మాత్రల డబ్బా కొనండి. "వేసుకున్నానా, లేదా" అనే సందేహం ఈ జబ్బులో తరచూ వస్తుంది. జ్ఞాపకశక్తి కొంతకాలం మందగిస్తుంది, మీ తప్పు కాదు. ఒక పూట మరిచిపోతే గుర్తుకు వచ్చిన వెంటనే వేసుకోండి.

ఇప్పుడు అసలు ఇబ్బంది. మన ఊళ్లలో "స్టెరాయిడ్" అనే మాట వింటేనే అందరూ సలహా ఇస్తారు. మా పక్కింటి పిన్నిగారు ఎంతో ఆపేక్షతో అన్నారు: "ఆపరేషన్ అయిపోయిందిగా అమ్మాయ్, ఇంకా ఆ పాడు మాత్రలు ఎందుకు? మానేసి కాస్త జావ తాగు." ఆమెకు నేను చెప్పిన జవాబునే మీరూ చెప్పండి: "పిన్నిగారూ, ఇది ఒంట్లో పుట్టవలసిన పదార్థమే. నాకు పుట్టడం లేదు కనుక బయటి నుంచి తీసుకుంటున్నాను. ఆపితే ప్రాణం పోతుంది." ఈ మూడు వాక్యాలూ మీ ఇంట్లో ప్రతి ఒక్కరికీ రావాలి. మీరు మగతలో ఉన్నప్పుడు మాత్ర ఇచ్చేది వారే.

తరచూ జరిగే పొరపాట్లు:

ఉపవాసం రోజు మాత్ర మానడం. కార్తీక సోమవారమైనా, ఏకాదశి అయినా మాత్ర మానకూడదు. నా అభిప్రాయంలో ఈ కాలంలో అసలు ఉపవాసమే వద్దు, షుగరు పడిపోతుంది. రంజాన్ ఉపవాసాలు ఉండాలనుకునేవారు నెల ముందే డాక్టరును కలవండి.

నీరసం అనిపించిన ప్రతిసారీ ఒక మాత్ర ఎక్కువ వేసుకోవడం. ఆ గంట హాయిగా ఉంటుంది. రోజూ అలా చేస్తే ముఖం మళ్లీ గుండ్రంగా మారుతుంది, నిద్రపోతున్న గ్రంథి ఇంకా గాఢంగా నిద్రపోతుంది. అదనపు మోతాదు జబ్బు చేసినప్పుడే.

స్కూటరు డిక్కీలో మందులు ఉంచడం. మే నెలలో బందరు రోడ్డు మీద నిలిపిన బండి డిక్కీ పొయ్యిలా కాలుతుంది. మాత్రలైనా సూది మందైనా చేతిసంచిలోనే పెట్టుకోండి.

5. జ్వరం, వాంతులు వచ్చినప్పుడు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. ఆరోగ్యవంతులకు జ్వరం వస్తే శరీరం తనంతట తాను కార్టిసాల్ పెంచుకుంటుంది. మన శరీరం పెంచుకోలేదు. మనమే పెంచాలి.

- జ్వరం లేని జలుబు, మామూలు తలనొప్పి, పరీక్షల ఆందోళన, ఇంట్లో గొడవ: మార్పు అవసరం లేదు.
- జ్వరం 100.4 డిగ్రీలు దాటితే: రోజు మోతాదు రెండింతలు.
- 102 దాటితే: మూడింతలు.
- జ్వరం తగ్గాక ఒకటి రెండు రోజుల్లో పాత మోతాదుకు రావాలి. పెంచిన మోతాదు మీదే ఉండిపోకూడదు. మూడు రోజులైనా జ్వరం తగ్గకపోతే డాక్టరును కలవాలి.
- మాత్ర వేసుకున్న అరగంట, గంటలోపు వాంతి అయితే: మళ్లీ వేసుకోవాలి. అదీ నిలవకపోతే సూది, వెంటనే ఆసుపత్రి.
- ఆగని విరేచనాలు, స్పృహ తప్పడం, ప్రమాదం, ఎముక విరగడం: సూది, 108.
- పన్ను పీకించుకోవడం, ఎండోస్కోపీ, ఏ చిన్న ఆపరేషన్ అయినా: ముందుగానే చెప్పి అదనపు మోతాదు రాయించుకోవాలి.

నా సొంత పొరపాటు చెబుతాను. ఆపరేషన్ అయిన ఐదో నెలలో తెనాలిలో పెళ్లికి వెళ్లి వచ్చాం. ఆ రాత్రి రెండుసార్లు వాంతి అయింది. "తెల్లవారాక చూద్దాంలే" అనుకున్నాను. తెల్లవారేసరికి మంచం మీంచి లేవలేకపోయాను, మావారు ఏం అడుగుతున్నారో అర్థం కాలేదు. సూది మందు అలమరలోనే ఉంది. దాన్ని ఎలా కలపాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఉన్న డాక్టరు నా పాత బీపీ, షుగరు వివరాలు చూసి స్టెరాయిడ్ ఇవ్వడానికి వెనుకాడారు. మావారు నా చేతిసంచిలోని కార్డు తీసి చూపించాకే ఇచ్చారు. గంటకు కాస్త తెరిపిన పడి మాట్లాడగలిగాను.

అందుకే కార్డు, సూది అభ్యాసం రెండూ ఇవాళే పూర్తి చేయండి.

కార్డు మీద ఇలా రాయండి. వెనుక వైపు ఇదే విషయాన్ని ఇంగ్లీషులో మీ డాక్టరు చేత రాయించి సంతకం, ముద్ర వేయించుకోండి:

"నాకు పిట్యూటరీ ఆపరేషన్ జరిగింది. నా శరీరంలో కార్టిసాల్ తయారు కావడం లేదు. రోజూ హైడ్రోకార్టిసోన్ మీద ఆధారపడి ఉన్నాను. వాంతులు, స్పృహ తప్పడం, ప్రమాదం, ఆపరేషన్ - ఏది జరిగినా వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. సూది, సెలైన్ ఇవ్వండి. పరీక్షల ఫలితాల కోసం ఆగవద్దు."

ఫోను తెర మీద కూడా ఈ కార్డు ఫోటో పెట్టుకోండి.

సూది వేసే క్రమం ఇది. నర్సు దగ్గర ఒకసారి చూసి, ఇంట్లో ఇద్దరు నేర్చుకోవాలి:

1) చేతులు కడుక్కుని సీసా మూత మీద రేకు తీసి, రబ్బరు భాగాన్ని స్పిరిటు దూదితో తుడవండి.
2) సిరంజీలోకి 2 మి.లీ. స్టెరైల్ వాటర్ తీసుకుని పొడి ఉన్న సీసాలోకి ఎక్కించండి.
3) పొడి పూర్తిగా కరిగి నీరు తేటపడేదాకా మెల్లగా తిప్పండి.
4) మొత్తం సిరంజీలోకి లాగి గాలి బయటకు వదలండి.
5) తొడ బయటి వైపు, నడుముకూ మోకాలికీ మధ్య భాగంలో సూదిని నిలువుగా కండలోకి దించి మందు ఎక్కించండి.
6) వేసిన సమయం కాగితం మీద రాసి, బాగున్నట్టు అనిపించినా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

అవసరం లేకపోయినా వేస్తే ఒక్క సూదితో నష్టం ఉండదు. అవసరమైనప్పుడు వేయకపోతే నష్టం చాలా పెద్దది. వీధిలోని ఆర్.ఎం.పి. దగ్గర గ్లూకోజు సీసా, బలం సూది వేయించుకుని ఇంటికి రావడం దీనికి బదులు కాదు.

వానాకాలానికి ముందు మరో పని చేయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు సింగ్ నగర్ ఇళ్లను ముంచినప్పుడు జనం రోజుల తరబడి మేడల మీదే ఉండిపోయారు. నెల మాత్రలు, రెండు సూదులు, కార్డు, చీటీ నీరు చొరబడని సంచిలో పెట్టి ఎత్తైన చోట ఉంచండి.

6. పాత బీపీ, షుగరు మందుల సంగతి

కుషింగ్స్ ఉన్నప్పుడు వాడిన మందులు ఇప్పుడు ఎక్కువైపోతాయి. కార్టిసాల్ తగ్గితే బీపీ, షుగరు తగ్గుతాయి, కానీ చీటీ పాతదే ఉంటుంది. ఇన్సులిన్ తీసుకునేవారికి ఇది మరీ ప్రమాదం.

మొదటి రెండు నెలలు రోజూ ఉదయం షుగరు, వారానికి మూడు సార్లు బీపీ చూసి రాసుకోండి. బీపీని కూర్చుని ఒకసారి, నిలబడిన రెండు మూడు నిమిషాలకు ఒకసారి చూడాలి. షుగరు 70 కంటే తగ్గినా, నిలబడితే పై అంకె 20 పడిపోయినా అదే రోజు డాక్టరుకు చెప్పండి. పొటాషియం సిరప్ ఇంకా తాగుతుంటే అది కావాలో వద్దో అడగండి.

7. ఒళ్లు నొప్పులు, కండలు, ఎముకలు

ఎక్కువ కార్టిసాల్ తొడల, భుజాల కండలను తినేసింది. నేల మీంచి లేవలేకపోవడం, మెట్లెక్కలేకపోవడం అందువల్లే. కండ తిరిగి వస్తుంది, నెమ్మదిగా.

మొదటి నెల: ఇంట్లో నడక, రోజుకు మూడు సార్లు ఐదేసి నిమిషాలు.

రెండో నెల నుంచి: చేతులున్న కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి. వారానికి ఒకటి రెండు పెంచండి. పదిహేను సార్లు తేలిగ్గా వస్తే చేతులు వాడకుండా లేవండి.

మూడో నెల నుంచి: ఎండ రాకముందే బయట నడక. విజయవాడలో ఇందిరాగాంధీ స్టేడియం, గుంటూరులో ఎన్.టి.ఆర్. స్టేడియం వంటి చదునైన చోట్లు మేలు. ఇంద్రకీలాద్రి మెట్లెక్కి మొక్కు తీర్చుకోవాలని ఇంట్లో పెద్దలు అడుగుతారు. నన్నూ మా అత్తయ్య అడిగారు. ఏడాది ఆగి వెళ్లాం. ఈలోగా వాహనంలో కొండ మీదికి వెళ్లి దండం పెట్టుకున్నా అమ్మవారు కాదనరు.

ఒక కొలత పెట్టుకోండి. ఇవాళ చేసిన పనికి రేపు మధ్యాహ్నం దాకా లేవలేకపోతే అది ఎక్కువైంది, మూడో వంతు తగ్గించండి. బాగున్న రోజున ఇల్లంతా సర్దేసి మూడు రోజులు పడకేయడం మనందరం చేసే పొరపాటే.

నొప్పులకు పారాసెటమాల్, వేడినీళ్ల కాపడం, నూనె మర్దనా సరిపోతాయి. కీళ్ల నొప్పులు ఇట్టే పోతాయని అమ్మే పేరు లేని పొడులు, మాత్రలు ముట్టుకోవద్దు. కొన్నింటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. హాయిగా అనిపించడానికి కారణమూ అదే.

ఎముకలు గుల్లబారి ఉంటాయి. ఎముక సాంద్రత పరీక్ష చేయించుకుని, కాల్షియం, డి విటమిన్ ఎంత కావాలో రాయించుకోండి. పాలు, పెరుగు, రాగి జావ, నువ్వులు, ముల్లుతో తినే చిన్న చేపలు బాగా తినండి. ఆవకాయ తినాలనిపిస్తుంది, నిజమే. బీపీ అదుపులోకి వచ్చేదాకా ముద్దకు నంజుకునేంతే.

☐ గ్యాస్ బండ, ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను ఎత్తకూడదు
☐ స్నానాల గదిలో జారని చాప, పట్టుకోవడానికి కడ్డీ
☐ రాత్రి లేచే దారిలో చిన్న దీపం
☐ వెన్నులో ఉన్నట్టుండి నొప్పి వస్తే ఎక్సరే

బరువు గురించి ఒక్క మాట: ఆరు నెలల నుంచి ఏడాది కాలంలో దిగుతుంది. మొదటి నెలలో దిగలేదని పస్తులు ఉండకండి. జుట్టు కూడా మొదట ఊడి, తర్వాత వస్తుంది.

8. మనసు

ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు ఏడుపు, చిరాకు, ఏ పని మీదా మనసు నిలవకపోవడం ఉంటాయి. జబ్బు ఉన్నప్పుడు మెదడు అతి కార్టిసాల్‌లో నానింది. ఇప్పుడు ఒక్కసారిగా అది లేదు. కుటుంబంలోని వారికి నా విన్నపం: "అంతా అయిపోయిందిగా, సంతోషంగా ఉండవేం" అని అడగకండి. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు, అపరాధ భావన మాత్రం మిగులుతుంది. పక్కన కూర్చోండి. మాత్ర వేళ గుర్తు చేయండి. వంటింట్లో ఒక పూట పని అందుకోండి.

నెలకోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో ముఖం ఫోటో తీసుకోండి. అద్దం రోజూ ఒకేలా కనిపిస్తుంది. నాలుగు ఫోటోలు పక్కపక్కన పెడితే మార్పు కనిపిస్తుంది.

రెండు వారాలకు మించి దిగులు తగ్గకపోతే మానసిక వైద్యులను కలవండి, మందులు అవసరం కావచ్చు. బతకాలని లేదనిపిస్తే ఆ గంటలోనే ఎవరికైనా చెప్పండి. టెలి మానస్ నంబరు 14416 కు ఏ వేళలోనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఉద్యోగానికి వెళ్లేవారు మొదటి నెల సగం రోజు పని అడిగి చూడండి. పైకి ఆరోగ్యంగా కనిపిస్తాం కనుక అడగడానికి మొహమాటపడతాం. డాక్టరు ధ్రువపత్రం ముందే తీసుకుంటే ఆ మొహమాటం తగ్గుతుంది.

9. దొంగచాటుగా అడ్డుపడే మందులు

ఎక్కడ చూపించుకున్నా "నేను హైడ్రోకార్టిసోన్ మీద ఉన్నాను" అని ముందే చెప్పండి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కొన్ని మందులు మన మాత్రను త్వరగా కరిగించేస్తాయి, మోతాదు పెంచవలసి వస్తుంది. మోకాలిలో వేసే స్టెరాయిడ్ సూది, తెల్లబడటానికి పూసుకునే కొన్ని క్రీములు గ్రంథిని మళ్లీ నిద్రపుచ్చుతాయి. ఉబ్బసానికి పీల్చే మందు అవసరమైనదే, మానకండి, కానీ డాక్టరుకు చెప్పండి. దగ్గుకు చప్పరించే అతిమధురం ఎక్కువగా తింటే బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది.

జబ్బు అణచిపెట్టిన అలర్జీలు, థైరాయిడ్ వంటివి ఇప్పుడు బయటపడవచ్చు. థైరాయిడ్ మాత్ర కొత్తగా రాస్తే, హైడ్రోకార్టిసోన్ సరిగా అందుతోందని నిర్ధారించుకున్నాకే మొదలుపెట్టాలి. ఆడవారికి ఆగిపోయిన నెలసరి తిరిగి వస్తుంది, దానికి ముందే గర్భం రావచ్చు. ఇప్పుడే వద్దనుకుంటే జాగ్రత్త పడాలి. గర్భనిరోధక మాత్రలు కార్టిసాల్ పరీక్షను తప్పుగా ఎక్కువ చూపిస్తాయి, పరీక్షకు ముందు చెప్పండి.

10. మాత్ర తగ్గించడం, ఆపడం

సొంతంగా తగ్గించకండి. సాధారణంగా మూడు నెలలకోసారి ఉదయపు కార్టిసాల్ చూసి, 2.5 మి.గ్రా. చొప్పున తగ్గిస్తూ వస్తారు.

పరీక్ష రోజు క్రమం: ముందు రోజు సాయంత్రపు మాత్ర వేసుకోవాలో వద్దో డాక్టరును అడగండి. ఉదయం మాత్ర వేసుకోకుండా ఎనిమిది గంటలకు రక్తం ఇవ్వండి. మాత్ర చేతిలోనే ఉంచుకుని, రక్తం ఇచ్చిన మరుక్షణం అక్కడే వేసుకోండి. మాత్ర వేసుకుని వెళ్లి రక్తం ఇస్తే ఫలితంలో కనిపించేది మింగిన మాత్రే. గ్రంథి లేచిందనుకుని మందు ఆపే ప్రమాదం అక్కడే ఉంది.

ఫలితం 5 మైక్రోగ్రాముల లోపు ఉంటే గ్రంథి ఇంకా లేవలేదు. 10 దాటితే లేచినట్టే అనుకోవచ్చు. మధ్యలో ఉంటే ఏ.సి.టి.హెచ్. (అడ్రినల్ గ్రంథుల చేత పనిచేయించే పిట్యూటరీ హార్మోను) సూది ఇచ్చి గ్రంథి స్పందన చూసే పరీక్ష చేస్తారు. మోతాదు తగ్గించిన ప్రతిసారీ ఒకటి రెండు వారాలు నొప్పులు, దిగులు కాస్త పెరుగుతాయి. పెళ్లిళ్లు, ప్రయాణాలు లేని వారాల్లో తగ్గించమని అడగండి.

మాత్రలు ఆగిపోయాక కూడా కార్డు, సూది పారేయకండి. గ్రంథి మామూలు రోజుకు సరిపడినా పెద్ద జబ్బుకు చాలకపోవచ్చు. ఎంతకాలం ఉంచాలో డాక్టరు చెబుతారు.

11. మళ్లీ వస్తుందేమోనని కనిపెట్టి ఉండటం

కణితి కొందరిలో ఏళ్ల తర్వాత తిరిగి వస్తుంది. అందుకే ఏడాదికోసారి పరీక్ష జీవితాంతం ఉండాలి. కారణం లేకుండా బరువు, బీపీ, షుగరు పెరగడం, ఊదారంగు చారలు కొత్తగా రావడం, తాకితే కమిలిపోవడం కనిపిస్తే ఏడాది దాకా ఆగకండి.

ఇరవై నాలుగు గంటల మూత్ర పరీక్షలో ఎక్కువ తప్పులు జరుగుతాయి. మొదటి రోజు ఉదయం మొదటి మూత్రం పారబోయండి. ఆ తర్వాత నుంచి మర్నాడు ఉదయం మొదటి మూత్రంతో సహా అంతా క్యానులో పట్టాలి. ఒక్కసారి మరిచిపోయినా మళ్లీ మొదటి నుంచే. రాత్రి డెక్సామెథాసోన్ 1 మి.గ్రా. వేసుకుని ఉదయం రక్తం ఇచ్చే పరీక్షలో కార్టిసాల్ 1.8 మైక్రోగ్రాముల కంటే తక్కువకు దిగాలి. రాత్రి పదకొండింటికి ఉమ్మి పట్టే పరీక్షకు ముందు తినడం, పళ్లు తోమడం, పొగ తాగడం వద్దు.

ప్రతి ఫలితాన్నీ తేదీతో ఒకే ఫైలులో పెట్టండి. డాక్టరు మారినా ఆ ఫైలు మారకూడదు.

12. రేడియేషన్, అడ్రినల్ తొలగింపు అయినవారికి

రేడియేషన్ ప్రభావం నెలలు, కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా కార్టిసాల్ తగ్గించే మందులు వాడుతారు. కీటోకొనజోల్ వాడేవారు కాలేయ పరీక్షలు మానకూడదు. ఈ మందుల మీద ఉన్నవారికీ కార్టిసాల్ మరీ తగ్గిపోవచ్చు కనుక మొదటి భాగంలోని ప్రమాద లక్షణాలు వారూ తెలుసుకోవాలి. పిట్యూటరీలోని మిగతా హార్మోన్లు తర్వాతి ఏళ్లలో తగ్గవచ్చు, ఏటా చూపించుకోవాలి.

అడ్రినల్ గ్రంథులు రెండూ తీసేస్తే హైడ్రోకార్టిసోన్ జీవితాంతం వేసుకోవాలి. ఉప్పును నిలిపే హార్మోను కూడా పోతుంది కనుక ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్ర తోడవుతుంది. వీరికి వేసవిలో ఉప్పు వేసిన మజ్జిగ అవసరం. చెమట ఎక్కువగా పట్టే రోజుల్లో మోతాదు ఎంత పెంచాలో ఫిబ్రవరిలోనే అడిగి రాయించుకోండి. చర్మం నల్లబడుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా పిట్యూటరీ ఎం.ఆర్.ఐ. చేయించాలి. లోపల మిగిలిన కణితి పెరుగుతోందేమో దానిలోనే తెలుస్తుంది.